ఎగ్జిక్యూటర్ పదవి గారికి ఒక బహిరంగ లేఖ

అయ్యా,

జీతం లేకుండా, దండలు పడకుండా, గెలిచినవాడికే తెలియకుండా ఏకగ్రీవమయ్యే పదవి మీరొక్కరే. అపార్ట్‌మెంట్ సెక్రటరీకైనా పోటీ ఉంటుంది. మీ విషయంలో మాత్రం పెద్దాయన, తను పోయాక వీలునామాని అమలు చేసే మనిషిగా అందులో ఓ పేరు రాయించి బీరువాలో పెట్టి తాళం వేస్తాడు. ఆ పేరుగలాయనకి సంగతి పెదకర్మ రోజున తెలుస్తుంది.

మీకు మనవాళ్లు పెట్టిన అర్హత ఒక్కటే, నెరిసిన జుట్టు. డెబ్బై ఐదేళ్లాయన వీలునామాకి ఎనభై ఏళ్ల బావగారు ఎగ్జిక్యూటర్! ఇద్దరు సాక్షులూ ఆ ఈడువాళ్లే, పొద్దున్నే వాకింగ్‌కి వచ్చే బ్యాచ్. "స్వస్థచిత్తముతో, ఎవరి ప్రోద్బలమూ లేకుండా" అని దస్తావేజు రైటర్ గుక్క తిప్పుకోకుండా రాసేస్తాడు. రేపు గొడవై కోర్టుకెక్కితే ఆ సాక్షుల్లో ఒక్కరైనా వచ్చి "నా కళ్లముందే సంతకం పెట్టారు" అని చెప్పాలి. అప్పటికి బ్యాచ్ మొత్తం పైన వాకింగ్ చేస్తుంటుంది. ఇక చేతిరాతలు పోల్చుకుంటూ కూర్చోవాలి. రిజిస్టర్ చేయించాంగా అంటారు. అది తప్పనిసరి కాదు, చేయిస్తే మంచిదే. కానీ సాక్షి చెప్పాల్సింది సాక్షే చెప్పాలి.

మన రెండు రాష్ట్రాల్లో హిందువుల వీలునామాకి ప్రొబేట్, అంటే వీలునామా అసలైనదేనని కోర్టు వేసే ముద్ర, తప్పనిసరి కాదు. ఆ సంబరం చిన్నకొడుకు "నాన్న సంతకం ఇలా ఉండదే" అనేదాకే. ఆపైన కోర్టులో పిటిషన్, వారసులకి నోటీసులు, పేపర్లో ప్రకటన, ఆస్తి విలువను బట్టి ఫీజు. ఎవరైనా అభ్యంతరం చెప్పారా, మామూలు దావాలాగే నడుస్తుంది. ప్రొబేట్ చేతికొచ్చాక ఆరు నెలల్లో ఆస్తుల జాబితా, ఏడాదిలోపు లెక్కలు కోర్టుకి ఇవ్వాల్సింది ఎగ్జిక్యూటరే. బావగారేమో ఓటీపీ చదవడానికే మనవణ్ణి పిలుస్తారు.

ఇంట్లో కరెంటు బిల్లు నుంచి ఫిక్స్‌డ్ డిపాజిట్ల దాకా అన్నీ చూసే పెద్దకూతురు మాత్రం ఎవరికీ గుర్తురాదు. వాటా ఉన్నవాళ్లు మీ కుర్చీలో కూర్చోకూడదని చట్టంలో లేదు. "ఆడపిల్ల, పైగా వేరే ఇంటిది" అన్నది మన సొంత చట్టం.

మీకు పుణ్యముంటుంది. ముందు అడిగి, సరేనన్నవాళ్ల పేరే రాయమని, పక్కన ఇంకో పేరు కూడా పెట్టమని మా పెద్దవాళ్లకి కల్లోనైనా చెప్పండి. బతికుండగా వీలునామా ఎన్నిసార్లైనా మార్చుకోవచ్చు, చివరిదే చెల్లుతుంది.

కాస్త తొందరగా చెప్పండి. మొన్న మావయ్య నా ఆధార్ జిరాక్స్ అడిగారు. ఎందుకంటే "ఊరికేలే" అన్నారు.

ఇట్లు,
జిరాక్స్ ఇచ్చేసిన మేనల్లుడు