పాత్రల వర్గీకరణలో తప్పిపోయిన జాతి

నాయకుడు, ప్రతినాయకుడు, సహాయ పాత్ర, హాస్య పాత్ర, అతిథి పాత్ర అంటూ సినిమా, టీవీ నటులను పెద్దలు చేసిన విభజన శాస్త్రీయమైనదే గానీ, నల్లగొండ గడియారం సెంటరులో చాయ్ తాగుతూ నేను సాగించిన దీర్ఘ పరిశోధనలో అందులో ఒక జాతి తప్పిపోయిందని తేలింది. అది మా తెలంగాణ భాష మాట్లాడే పాత్ర.

మనుషులను పంపడంలో మా ఉమ్మడి జిల్లా ఎన్నడూ పిసినారితనం చూపలేదు. కోదాడ దగ్గరి గుడిబండలో పుట్టిన కాంతారావు జానపదాల్లో కత్తి పట్టి కథానాయకుడయ్యాడు. తుంగతుర్తి వాడైన ప్రభాకర్ రెడ్డి డాక్టరీ చదివి మరీ ప్రతినాయకుడయ్యాడు. కోదాడ వాడే అయిన వేణుమాధవ్ కడుపుబ్బ నవ్వించాడు. మనుషులకు అన్ని వేషాలూ దొరికాయి. దశాబ్దాల పాటు భాషకు మాత్రం రౌడీ వెనుక నిలబడే అనుచరుడి వేషం, లేదా నవ్వులపాలయ్యే పనివాడి వేషం దొరికింది. 1963 నాటి 'లవకుశ'లో లక్ష్మణుడైన కాంతారావు సీతమ్మను అడవిలో విడిచి వచ్చి, "అన్నా, గింత పని నాతోని ఎందుకు చేయిస్తివే" అని ఉంటే రామరాజ్యం ఏమయ్యేదో ఊహించడానికే భయం వేస్తుంది. జాతీయ పురస్కారాల్లో సహాయ నటులకు ప్రత్యేక బహుమతి 1984 నాటి చిత్రాలతో మొదలైంది. సుమో దిగి పరుగెత్తే అనుచరుల వంతు ఇంకా రాలేదు.

మా వాడకట్టు పిల్లగాడొకడు కృష్ణానగర్ చేరి, తెల్లవారక ముందే షూటింగ్ బస్సెక్కి, ఏడాది పాటు గుంపులో నిలబడ్డాక ఒక్క మాట ఉన్న పాత్ర సంపాదించాడు. తెలంగాణ యాసలో చెప్పమన్నారు. వాడు ఇంట్లో మాట్లాడినట్టే, "అన్నా, పోలీసోళ్లు వచ్చిన్రు" అన్నాడు. ఇందులో యాస సరిపోలేదనీ, కొంచెం కొట్టినట్టు ఉండాలనీ సహాయ దర్శకుడు ఆరుసార్లు చెప్పించి, చివరకు డబ్బింగులో గోదావరి జిల్లా గొంతు ఒకటి పెట్టించాడు. సినిమా చూసిన తల్లి, కొడుకుకు గొంతు నొప్పి వచ్చిందేమోనని ఫోన్ చేసింది.

సీరియళ్ల గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. అక్కడ పాత్ర శాశ్వతం, నటుడు అశాశ్వతం; నిన్నటి భర్త స్థానంలో నేడు మరొకరు కూర్చుంటే కోడలు కూడా గుర్తుపట్టదు. దేశమంతా ఆనకట్టలు కట్టిన పాలమూరు కూలికి ఆ బంగళాల్లో వాచ్‌మన్ ఉద్యోగం దొరికింది గానీ, అతని కంటే గేటుకే క్లోజప్‌లు ఎక్కువ.

ఈ మధ్య కాలం మారి, నాయకుడే మా యాసలో మాట్లాడుతున్నాడు. కాకపోతే కల్లు ముంతో, బోటీ కూరో, చావు డప్పో పక్కన లేకపోతే ఆయనకు నోరు పెగలడం లేదు. మా ఊళ్లలో మనుషులు బ్యాంకు పనుల మీద, బడి ఫీజుల మీద కూడా ఇదే భాషలో మాట్లాడతారన్న సంగతి ఇంకా పరిశోధన దశలోనే ఉన్నది.

ఈ మార్పు వల్ల మా పిల్లగాడికి మేలే జరిగింది. మొన్న ఒక చావు సన్నివేశంలో వాడికి శవం పాత్ర ఇచ్చారు. డబ్బింగ్ అవసరం పడలేదు. నేటివిటీ అద్భుతంగా కుదిరిందని యూనిట్ అంతా మెచ్చుకున్నది.