తగాదా లేని ఇంటికి చరిత్ర ఎక్కడిది?

తిరుపతి గాంధీ రోడ్డులో ఏ పాత మిద్దె ముందు నిలబడి అడిగినా ఒకటే మాట: "ఈ వీధిలో మొట్టమొదటి అంగడి మాదేనబ్బా. మా జేజినాయన పెట్టినాడు." పక్కనున్నదీ మొట్టమొదటిదే, ఎదురుగా ఉన్న రెండూ మొట్టమొదటివే. వీధి చరిత్ర రాయాలని నోటుబుక్కు కొన్న ఉత్సాహవంతులు సాధారణంగా ఇక్కడే ఆగిపోతారు.

వారికి ఒక మనవి. మంచి కుటుంబాల జోలికి పోకండి. అన్నదమ్ములు కలిసిమెలిసి ఉన్న ఇంట్లో కాఫీ దొరుకుతుంది, కాగితం దొరకదు. పాత కాగితాలు ఏ భోగిమంటలోనో, ఏ బొరుగుల పొట్లంలోనో కలిసిపోయి ఉంటాయి. అన్నదమ్ములు మాట్లాడుకోవడం మానేసిన ఇల్లు వెతకండి. అక్కడ పెద్దాయన ఒక సెట్టు, చిన్నాయన ఇంకో సెట్టు దాచి ఉంటారు. ఒకటి పోయినా రెండోది ఉంటుంది. ఇంత పకడ్బందీగా ఏ ప్రభుత్వ భాండాగారమూ దాచదు.

అసలు నిధి భాగపరిష్కార దస్తావేజు, అంటే అన్నదమ్ముల ఆస్తి పంపకాల కాగితం. విక్రయ దస్తావేజులో గోడలూ కొలతలూ ఉంటాయి. భాగపరిష్కారంలో మనుషులు కనిపిస్తారు. ఇత్తడి గంగాళం ఎవరికి, రోలు ఎవరికి, మిద్దె మెట్ల మీద నడిచే హక్కు ఎవరికి, పెరటి బావిలో సగం నీళ్లు ఎవరికి, అంతా రాసి ఉంటుంది. ఆ బావి పూడ్చేసి పైన సెల్‌ఫోన్ అంగడి కట్టినా, సగం నీళ్ల హక్కు మాత్రం చెక్కుచెదరదు.

వ్యవహారం కోర్టుకెక్కి ఉంటే ఇంకా మంచిది. భాగం దావాలో వంశవృక్షం జతచేస్తారు. బంధువులు పెళ్లిళ్లలో పంచే వంశవృక్షాల్లో ఆడపిల్లలు ఉండరు, వంశమంతా మగవాళ్లకే పుట్టినట్టు ఉంటుంది. కోర్టు చెట్టులో ఆ కొమ్మలు మొలుస్తాయి, ముఖ్యంగా 1985 సెప్టెంబరు 5 తర్వాత. ఆంధ్రప్రదేశ్‌లో ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లలకు జన్మహక్కు ఇచ్చిన సవరణ అమలైన తేదీ అది. ఆ రోజు నుంచి మేనత్తలు చరిత్రలోకి రావడం మొదలుపెట్టారు.

ఇక పని మొదలుపెట్టండి. ఒక్క దస్తావేజు జిరాక్సు చేతికొస్తే చాలు, దాని చెక్కుబందీ, అంటే నాలుగు దిక్కుల హద్దులు చూడండి. తూర్పుకు ఫలానావారి మిద్దె, పడమరకు రాజవీధి, ఉత్తరానికి ఫలానావారి ఖాళీ జాగా, దక్షిణానికి ఫలానావారి అంగడి. ఒక కాగితంతో ముగ్గురు ఇరుగుపొరుగులు దొరికారు. వారి దస్తావేజుల్లో ఇంకొందరు దొరుకుతారు. వీటిని గళ్ల కాగితం మీద ఇంటికొక గడిగా పేర్చుకుంటూ పోతే, ఎవరినీ బతిమాలకుండానే వీధి లేచి నిలబడుతుంది. సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో ఇండెక్స్ 1 పేర్లతో, ఇండెక్స్ 2 ఆస్తితో వెతకడానికి. కంప్యూటర్లో ఈసీ, అంటే ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితా, మామూలుగా 1983 నుంచే వస్తుంది. అంతకు ముందుది కావాలంటే పాత పుస్తకాలు తిరగేయించాలి. దానికి అర్జీ, ఫీజు, ఓపిక కావాలి. మొదటి రెండూ కౌంటర్లో తీసుకుంటారు.

ఇక్కడే ఒక గుంట ఉంది, చాలామంది పడతారు. లేఖరి కొత్త దస్తావేజు రాసేటప్పుడు పాత చెక్కుబందీని మక్కికి మక్కి ఎక్కిస్తాడు. తూర్పు పక్కాయన పోయి ముప్పై ఏళ్లయినా కాగితంలో ఇంకా ఆ మిద్దెలోనే కాపురం ఉంటాడు. అందుకని ఒక పేరును నమ్మాలంటే ఆయన సొంత దస్తావేజో పన్ను రసీదో కనబడాలి. డోరు నంబరునూ నమ్మకండి, వార్డులు మారినప్పుడల్లా అదీ మారుతుంది. టౌను సర్వే నంబరు కాస్త నిలకడైనది.

తేదీల దగ్గర ఇంకో తమాషా. పాత రెవెన్యూ కాగితాల్లో ఫసలీ, అంటే శిస్తు లెక్కల సంవత్సరం, ఉంటుంది. మన వైపు ఫసలీ జూలై 1న మొదలు, దానికి 590 కలిపితే మొదలైన ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. జనవరి నుంచి జూన్ దాకా అయితే 591 కలపాలి. "రక్తాక్షి వైశాఖంలో గృహప్రవేశం" అని ఉంటే మాత్రం జాగ్రత్త. రక్తాక్షి 1864లో వచ్చింది, 1924లో వచ్చింది, 1984లోనూ వచ్చింది. మనవడు తడుముకోకుండా 1864 అంటాడు. స్టాంపు కాగితం మీద బొమ్మ చూడండి. విక్టోరియా రాణి ఉంటే మనవడు గెలిచాడు, అయిదో జార్జి ఉంటే అరవై ఏళ్లు తగ్గాడు, మూడు సింహాలుంటే ఆయనకు ఇంకో కాఫీ చెప్పండి. స్టాంపులు అమ్మిన వెండరు రాసిన వరుస నంబరు, తేదీ, కొన్నవారి పేరు కూడా కాగితం మీదే ఉంటాయి. అంగడి బిల్లులో పిన్‌కోడు ఉంటే 1972 ఆగస్టు తర్వాతిది. నయాపైసలు ఉంటే 1957 ఏప్రిల్ తర్వాతిది.

1911కు ముందు కాగితాల కోసం చిత్తూరు జిల్లా పేరుతో వెతికితే ఏమీ దొరకదు. జిల్లా పుట్టిందే 1911 ఏప్రిల్ 1న. అప్పటిదాకా తిరుపతి నార్త్ ఆర్కాటు జిల్లా చంద్రగిరి తాలూకాలో ఉండేది. అంటే మన వీధి బాల్యం మద్రాసు ఎగ్మూరులోని భాండాగారంలో ఉంది.

ఆల్బం చూపించమంటే గంగమ్మ జాతర ఫోటో ఒకటి తప్పకుండా వస్తుంది. కోకా రవికా కట్టి, కళ్లకు కాటుక దిద్దుకున్న మనిషి. "ఈమె ఎవరు?" అంటే ఇంట్లోవాళ్లు మొహాలు చూసుకుంటారు. మొక్కు తీర్చుకుంటున్న తాత ఆయనే. ఆయన్ని వదిలేసి వెనకాల చూడండి. అంగడి బోర్డు, మూడంకెల ఫోను నంబరు, కరెంటు స్తంభం, అరుగు ఎత్తు, అన్నీ అక్కడే ఉంటాయి. అద్దానికి అతుక్కుపోయిన ఫోటోను పీకకండి, బొమ్మ అద్దంతోనే వచ్చేస్తుంది. ఫ్లాష్ లేకుండా, నీడలో అద్దంతో సహా తీయండి. విడి ఫోటోలయితే 600 డీపీఐలో స్కాన్ చేయండి, పాస్‌పోర్టు సైజుకు 1200. వెనక పేర్లు రాయడానికి మెత్తటి పెన్సిలే వాడండి. బాల్‌పెన్ను అటునుంచి ఇటు తేలి తాత నుదుటి మీద గీత పడుతుంది.

కాగితం అస్సలు లేదన్న ఇంట్లో వంటింటికి దారి అడగండి. అటక మీద బోర్లించిన స్టీలు బేసిన్ల అంచులో చుక్కలు చుక్కలుగా పొడిచిన అక్షరాలుంటాయి: ఎవరి పెళ్లికి, ఎవరు ఇచ్చారు, ఏ తేదీ. మెట్టినింట్లో పేరు మారిన కోడలి అసలు పేరు మిగిలేది ఆ అంచు మీదే. చింతపండుతో తోమి చదవండి. పీచు వేసి గట్టిగా రుద్దారా, తేదీతో సహా పోతుంది.

పెద్దవాళ్లను ఏ సంవత్సరమని అడగకండి, ఏదో ఒక అంకె చెప్పి పంపేస్తారు. "కొండకు బస్సు పోకముందా, పోయినాకా అవ్వా?" అనండి. మొదటి ఘాట్ రోడ్డు 1944 నాటిది, లెక్క అక్కడి నుంచి కట్టుకోవచ్చు. ఇద్దరిని ఒకే గదిలో కూర్చోబెట్టి మాత్రం రికార్డు చేయకండి. మొదటి అయిదు నిమిషాలు చరిత్ర, ఆ తర్వాతంతా బాకీ.

ఇన్ని నెలలు తిరిగి, గళ్ల కాగితం నిండి, వీధి పటం తయారయ్యాక దాన్ని అందరికీ చూపించండి. పెద్దలు కళ్లజోడు తుడుచుకుని వస్తారు, వేలితో తమ మిద్దె వెతుక్కుంటారు, ఆ వేలు మెల్లగా పక్క గడి మీదికి జరుగుతుంది. తర్వాత గొంతు తగ్గించి అడుగుతారు: "అన్నా, ఆ పక్కింటోళ్ల దస్తావేజు జిరాక్సు ఒకటి ఇస్తావా? మాదాంట్లో రెండడుగులు తక్కువ ఉండాది."