నోరు విప్పని మనిషి చేత మాట్లాడించిన సినిమా

పోయిన ఆదివారం మా అమ్మాయి ‘ది ఇమిటేషన్ గేమ్’ చూస్తుంటే పక్కన కూర్చుని నేనూ రెండోసారి చూశాను. 2014లో వచ్చినప్పుడు నాకు బాగా నచ్చిన సినిమాయే. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ల సంకేత యంత్రం ‘ఎనిగ్మా’ గుట్టు విప్పడానికి పనిచేసిన బ్రిటిష్ గణితజ్ఞుడు అలన్ టూరింగ్‌గా బెనెడిక్ట్ కంబర్‌బాచ్ నటన ఇప్పటికీ కట్టిపడేస్తుంది. స్క్రీన్‌ప్లేకు ఆస్కార్ కూడా దక్కింది. సినిమా అయిపోయాక మా అమ్మాయి, “పక్కనే గూఢచారి ఉన్నాడని తెలిసి కూడా టూరింగ్ ఎందుకు చెప్పలేదు నాన్నా?” అని అడిగింది. జవాబు చెప్పబోయి ఆగిపోయాను, ఎందుకంటే అసలు అలాంటిదేదీ జరగలేదు.

చరిత్రను తెరకెక్కించేటప్పుడు మార్పులు తప్పవని నాకూ తెలుసు. ఎనిగ్మాను ఛేదించే యంత్రానికి సినిమాలో ‘క్రిస్టఫర్’ అని పేరు పెట్టడం మీద నాకు పేచీ లేదు. చదువుకునే రోజుల్లో క్షయతో చనిపోయిన మిత్రుడు క్రిస్టఫర్ మార్కమ్‌ను టూరింగ్ నిజంగానే మరచిపోలేదు. వాస్తవంలో 1940 మార్చిలో బ్రిటన్ సంకేత ఛేదన కేంద్రమైన బ్లెచ్లీ పార్క్‌కు వచ్చిన మొదటి ‘బాంబ్’ యంత్రం పేరు ‘విక్టరీ’ (పేలే బాంబు కాదు, ఎనిగ్మా అమరికలను వెతికిపెట్టే యంత్రం). దానికి డయాగనల్ బోర్డు అనే భాగం చేర్చి పదును పెట్టిన గోర్డన్ వెల్చ్‌మన్ సినిమాలో కనిపించడు. 1932 చివర్లోనే సైనిక ఎనిగ్మా గుట్టు విప్పిన పోలండ్ గణితజ్ఞుల ప్రస్తావన కంటితుడుపుగా వచ్చిపోతుంది. 1941 అక్టోబరులో మనుషులు చాలడం లేదని చర్చిల్‌కు రాసిన ఉత్తరం మీద సంతకాలు చేసినవారు నలుగురు; సినిమాలో అది టూరింగ్ ఒక్కడి పనిగా మారిపోయింది.

పబ్బు సన్నివేశం మాత్రం చిరాకు తెప్పించింది. ఒక అమ్మాయి మాటల మధ్య యథాలాపంగా అన్న మాట విని టూరింగ్ లేచి పరుగెత్తుతాడు. శత్రువు సందేశంలో తప్పక ఉండే మాటలను ముందే ఊహించవచ్చన్న సంగతి అప్పుడే తట్టినట్టు చూపిస్తారు. ఆ యంత్రాన్ని రూపొందించిందే ఆ ఊహను ఆధారం చేసుకుని. ఎనిగ్మాలో ఏ అక్షరం నొక్కినా అదే అక్షరం తిరిగి రాదు. కాబట్టి వాతావరణ నివేదికలో ‘వెట్టర్’ (వాతావరణం) అనే జర్మన్ మాట ఉంటుందనుకుంటే, దాన్ని కాగితం మీద సంకేత సందేశం కింద ఒక్కొక్క గడి జరుపుతూ రాసి చూస్తారు. పైనా కిందా ఒకే అక్షరం పడిన చోటును కొట్టేస్తారు. మిగిలిన చోటును యంత్రానికి అందిస్తే, కుదరని అమరికలను అది వరుసగా తోసిపుచ్చుతూ పోతుంది. రాత్రనక పగలనక షిఫ్టుల్లో నిలబడి ఆ యంత్రాలను నడిపినవారు ఎక్కువగా నౌకాదళ మహిళా విభాగం వారు. ఇంత ఓపికతో సాగిన పనిని ఒక గ్లాసు బీరు ముందు తేల్చేశారు.

అయినా ఇవన్నీ క్షమించగలను. జాన్ కెయిర్న్‌క్రాస్ ఉదంతాన్ని మాత్రం క్షమించలేను. ఆయన సోవియట్ గూఢచారి అన్నది నిజమే, బ్లెచ్లీలో పనిచేసిందీ నిజమే. అయితే పనిచేసింది అక్కడి విభాగాల్లో ఒకటైన హట్ 3లో. హట్ 8లోని టూరింగ్‌తో ఆయనకు పరిచయం ఉన్నట్టు ఆధారం లేదు. సినిమా ఆయనను టూరింగ్ బృందంలోనే కూర్చోబెట్టి, నీ స్వలింగ సంపర్కం సంగతి బయటపెడతానని బెదిరించేలా చేసి, ఆ బెదిరింపుకు టూరింగ్ లొంగి మౌనం వహించినట్టు చూపించింది. కెయిర్న్‌క్రాస్ గూఢచారి అన్న సంగతి బ్రిటిష్ గూఢచార సంస్థ ఎంఐ6 అధికారికి ముందే తెలుసని ఆ తరువాత చెప్పించినంత మాత్రాన టూరింగ్ మీద పడిన మచ్చ తొలగిపోదు. ఇలాంటివారిని బెదిరించి దేశ రహస్యాలు లాగవచ్చు, కాబట్టి నమ్మకూడదు అన్నదే ఆనాటి ప్రభుత్వం చూపిన కారణం. అప్పట్లో నేరమైన స్వలింగ సంపర్కానికి 1952లో శిక్ష పడ్డాక టూరింగ్‌ను రహస్య విభాగపు పనికి దూరం పెట్టిందీ ఆ అనుమానంతోనే. ఆయనకు న్యాయం చేస్తున్నామని చెప్పుకునే సినిమా ఆ అనుమానమే నిజమన్నట్టు కథ అల్లింది.

నిజమైన టూరింగ్ తన స్వలింగ ప్రవృత్తి గురించి 1941లో, నిశ్చితార్థం జరిగిన కొద్ది రోజులకే బ్లెచ్లీలో తనతో పనిచేసిన జోన్ క్లార్క్‌కు స్వయంగా చెప్పాడు. 1952లో ఇంట్లో దొంగలు పడ్డారని తానే పోలీసులకు ఫిర్యాదు చేసి, విచారణలో ఒక యువకుడితో తనకున్న సంబంధాన్ని దాచకుండా ఒప్పుకున్నాడు. జైలుకు బదులు ఏడాదిపాటు హార్మోన్ చికిత్స భరించాడు. ఇంత జరిగినా యుద్ధ రహస్యం గురించి పెదవి విప్పలేదు. సినిమాలో ఆయన ఒక డిటెక్టివ్ ఎదుట కూర్చుని బ్లెచ్లీ కథంతా పూసగుచ్చినట్టు చెబుతాడు! ఆ రహస్యం లోకానికి వివరంగా తెలిసింది 1974లో. టూరింగ్ పోయింది 1954 జూన్ 7న.

ఇక్కడ మనవాళ్లకు ఒక సంగతి చెప్పాలి. టూరింగ్ తండ్రి జూలియస్ మద్రాసు ప్రెసిడెన్సీలో ఐసీఎస్ అధికారి. పార్వతీపురం, విశాఖపట్నం, అనంతపురం, బెజవాడ, చికాకోలు (శ్రీకాకుళం), కర్నూలు అంటూ బదిలీల మీద తిరిగిన ఆ సంసారం 1911లో ఛత్రపురం చేరింది. మరుసటి ఏడాది లండన్‌లో అలన్ పుట్టాడు. భర్త వెంట ఈ ఊళ్లన్నీ తిరిగిన తల్లి సారా, కొడుకు పోయిన అయిదేళ్లకు, 1959లో, ఆయన జీవితచరిత్ర రాసింది. బాల్యం, బడి, లెక్కలు, పరుగు పందేలు అన్నీ అందులో ఉన్నాయి. యుద్ధకాలంలో కొడుకు ఏం చేశాడో మాత్రం ఆమె రాయలేకపోయింది, ఆమెకు ఆయన చెప్పలేదు కనుక.