జడ్జిగారి బావమరిదికి ఫీజు

ఫిలీటస్ సాయర్ గారికి చరిత్ర చేసిన అన్యాయం గురించి ఎవరో ఒకరు మాట్లాడాలి కదా. 1816లో అమెరికాలోని వెర్మాంట్‌లో పుట్టిన ఈయనకు చదువు పెద్దగా అబ్బలేదు. విస్కాన్సిన్ రాష్ట్రానికి వచ్చి ఆష్‌కాష్ ఊళ్లో కోత మిల్లు నడిపారు. ఉల్ఫ్ నదిలో తేలుతూ వచ్చే పైన్ దుంగలే పెట్టుబడి. మిల్లులు ఎక్కువై ఆ ఊరికి రంపంపొట్టు నగరమనే పేరొచ్చింది. డబ్బు సంపాదించాక మేయరయ్యారు. 1865 నుంచి పదేళ్లు ప్రతినిధుల సభలో, 1881 నుంచి సెనేట్‌లో కూర్చున్నారు.

చెట్టు కనబడితే ఊరుకోలేని మనిషికి చట్టసభలోనూ పని దొరికింది. స్టాక్‌బ్రిడ్జ్-మున్సీ అనే అమెరికా ఆదివాసీ తెగవారికి కేటాయించిన భూమి (రిజర్వేషన్)లో నాలుగింట మూడొంతులు అమ్మకానికి పెట్టిన 1871 చట్టం వెనక ఉన్నది ఈయనే. ఆ తెగకు ‘ఊరట’ కలిగించడానికట! నిజమే, అంత పైన్ అడవిని కాపలా కాసుకునే బరువు తప్పింది. ఆ బరువు కలప వ్యాపారులు మోశారు, పాపం.

ఇక 1891 సంగతి. ప్రభుత్వ సొమ్ము మీద బ్యాంకులిచ్చిన వడ్డీని రాష్ట్ర మాజీ కోశాధికారులు జేబులో వేసుకున్నారని కేసు. వాళ్లకు హామీ ఉన్నది సాయర్ గారే. ఓడితే ఆయన జేబుకే చిల్లు. విచారించే జడ్జి సీబెకర్. ఆయన భార్య తమ్ముడు రాబర్ట్ లాఫలెట్, అప్పుడే ఎన్నికల్లో ఓడి వకాల్తా పట్టిన కుర్రాడు. డెబ్బై అయిదేళ్లు నిండబోతున్న సెనేటర్ గారు అతన్ని మిల్వాకీలో ఒక హోటల్‌కి పిలిపించి, పర్సు తీశారు.

అది లంచమని లాఫలెట్ పత్రికలకెక్కాడు. లాయరుగా పెట్టుకుందామని ఫీజు ఇవ్వబోయాను, జడ్జి అతని బావ అని నాకు తెలియదు అన్నారు సాయర్ గారు. ఎందుకు నమ్మకూడదు? రాష్ట్రమంతా తన పార్టీని వేలి మీద ఆడించే పెద్దమనిషి, ఎవరు ఎవరికి బావో కనుక్కుంటూ తిరుగుతారా? మిల్లులో ఏ దుంగకు ఎన్ని పలకలొస్తాయో చూసుకోవడంతోనే సరిపోయేది కదా!

జడ్జిగారు ఆ కేసు నుంచి తప్పుకున్నారు. సెనేటర్ గారు మాత్రం ఎందులోంచీ తప్పుకోలేదు, 1893 దాకా దర్జాగా పదవీకాలం పూర్తి చేశారు. లాఫలెట్ మంకుపట్టు వదల్లేదు. పార్టీ పెద్దల పెత్తనం మీద ఊరూరా తిరిగి ప్రసంగాలు చేసి, 1900 నవంబరులో గవర్నర్‌గా గెలిచాడు. ఆ ఘోరం కళ్లారా చూసే అవసరం లేకుండా సాయర్ గారు అదే ఏడాది మార్చిలోనే కాలం చేశారు.