గాయమూ వారిదే, మందూ వారిదేనా?

మనిషిలా మాట్లాడే యంత్రాన్ని నేస్తంగా అంటగట్టే వ్యాపారం జోరందుకుంది. జనానికి స్నేహితులు తక్కువయ్యారని, ఆ లోటును కృత్రిమ మేధ కొంత పూడ్చగలదని ఫేస్‌బుక్‌ను నడిపే మెటా కంపెనీ అధిపతి మార్క్ జుకర్‌బర్గ్ 2025లో సెలవిచ్చారు. ఆ మాట అనే అర్హత ఆయనకెక్కడిది?

2012 జనవరిలో ఫేస్‌బుక్ దాదాపు 6.89 లక్షల మందిపై, వారికి చెప్పకుండానే, వారం రోజులు ప్రయోగం చేసింది. కొందరికి మిత్రుల సంతోషపు రాతల్లో కొన్నింటిని, మరికొందరికి విచారపు రాతల్లో కొన్నింటిని కనబడనివ్వలేదు. సంతోషపు రాతలు తగ్గినవారు తామూ స్వల్పంగానైనా సంతోషపు మాటలు తగ్గించారు, విచారపు మాటలు పెంచారు. అంటే, మన మనసు నలుగురి మనసుతో ముడిపడి ఉంటుందని ఆ కంపెనీకి ఆనాడే తెలుసు. 2014లో సంగతి బయటపడి గగ్గోలు రేగింది. ఖాతా తెరిచినప్పుడు నిబంధనలకు ఒప్పుకోవడమే అనుమతి అని ప్రయోగకర్తలు తమ పరిశోధన పత్రంలోనే రాసుకున్నారు. బంధాలను మీట నొక్కి ఆడించినవారే ఇప్పుడు బంధువుల్లా పలకరిస్తున్నారు!

ఒంటరితనం చిన్న బాధేమీ కాదు. ప్రపంచంలో ప్రతి ఆరుగురిలో ఒకరిని అది వేధిస్తోందని, ఏటా సుమారు 8.71 లక్షల మరణాలతో దానికి సంబంధం ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025లో లెక్కగట్టింది. వలసలు, పని వేళలు, పేదరికం కూడా ఇందుకు కారణాలే. నేరమంతా కంపెనీలదే అనడం లేదు. పలకరించే దిక్కులేని వృద్ధుడికి యంత్రమైనా ఊరటే కదా అనేవారూ ఉన్నారు. కావచ్చు.

కానీ స్నేహితుడు అలుగుతాడు. తప్పు చేస్తే మొహం మీదే కడిగేస్తాడు. నాలుగు రోజులు మాట్లాడడు, ఐదోరోజు తానే వస్తాడు. మనమేమిటో మనకు తెలిసేది ఆ రాపిడిలోనే. ప్రతి మాటకూ తలూపే యంత్రం దగ్గర పెరిగిన పిల్లవాడికి ‘కాదు’ అనే మాట ఎవరు నేర్పుతారు? పైగా ఆ ‘నేస్తం’ ఎప్పుడు మారాలో, ఎప్పుడు మాయమవ్వాలో నిర్ణయించేది కంపెనీయే. దానితో చెప్పుకొన్న గుట్టంతా చేరేదీ అక్కడికే.

ఒంటరితనంపై 2018లో బ్రిటన్, 2021లో జపాన్ మంత్రులను నియమించాయి. పదవులు సృష్టించడం తేలికే. పిల్లలకు యంత్ర స్నేహాన్ని అమ్మకుండా ఆపడం, మనోభావాలపై చాటుమాటు ప్రయోగాలను శిక్షార్హం చేయడం కష్టం. ఆ కష్టమైన పనికే ప్రభుత్వాలు ఉన్నాయి. చేతకాకపోతే, ఒంటరితనం గురించి సభలు పెట్టి కన్నీరు కార్చడమైనా మానుకోవాలి.