ఎర్ర ప్లస్ గుర్తు గారికి కడప నుంచి ఉత్తరం

మహారాజశ్రీ ఎర్ర ప్లస్ గుర్తు గారికి, కడప నుంచి ఒక స్కూటరు యజమాని నమస్కరించి వ్రాయునది. ఇక్కడ తమరు క్షేమం. యుద్ధాల్లో తమరి క్షేమం గురించే నా బెంగ.

మొన్న ఏడు రోడ్ల కూడలి దగ్గర, బండ్లు నిలపరాదన్న బోర్డు కిందనే రెండు బండ్లు నిలిపి ఉన్నాయి. ఒకటి నా స్కూటరు. రెండోది తెల్ల కారు, దాని అద్దం మీద తమరు. పోలీసు నా స్కూటరుకు ఫొటో తీసుకుని, కారును మాత్రం ప్రదక్షిణ చేసినట్టు చుట్టి వెళ్లిపోయాడు. తీరా చూస్తే ఆ కారు డాక్టరుది కాదు, మా బావమరిదిది. ప్లాట్లు అమ్ముతాడు. ఇదేమిటయ్యా అని అడిగితే, "మా ఆవిడ పిన్నమ్మ కూతురు నర్సు కదా బావా" అన్నాడు.

తమరి పుట్టుపూర్వోత్తరాలు వాడికేం తెలుసు! 1859లో హెన్రీ డ్యునాంట్ అనే స్విస్ వ్యాపారి, అల్జీరియాలో తన వ్యాపారానికి భూమి, నీటి హక్కులు కావాలని ఫ్రాన్స్ చక్రవర్తి మూడో నెపోలియన్‌ను వెతుక్కుంటూ ఇటలీ వెళ్లాడు. (భూమి పని మీదే కనుక, మా బావమరిదికి దూరపు చుట్టం అనుకోవచ్చు.) అక్కడ సోల్ఫెరినో యుద్ధంలో గాయపడి, దిక్కులేక పడి ఉన్న వేలాది సైనికులను చూశాక ఆయనకు నెపోలియన్ పని పక్కకు పోయింది. 1864లో జెనీవాలో, గాయపడిన సైనికులను కాపాడాలని పది అధికరణాల ఒప్పందం కుదిరి, తెల్లని నేల మీద తమరు వెలిశారు. తమరికి అప్పగించిన పని ఒక్కటే: ఇక్కడ కాల్చవద్దని చెప్పడం. మందులు దొరుకుతాయని చెప్పడం కాదు, బండి నిలుపుకోవచ్చని చెప్పడం అసలే కాదు.

ఆ అసలు పనిలో తమరి మాట చెల్లుతున్నదా? 2001 అక్టోబరు 16న కాబూల్‌లో రెడ్‌క్రాస్ గోదాముల పైకప్పు మీద ఆకాశం నుంచి కనిపించేంత పెద్దగా ఉన్నారు. అయినా అమెరికా విమానాలు బాంబులు వేశాయి. పొరపాటు అన్నారు. పది రోజులకే అదే చోట మళ్లీ వేశారు. 2008లో కొలంబియా సైన్యం తిరుగుబాటుదారుల చెరలోని బందీలను విడిపించడానికి మారువేషాల్లో వెళ్లినప్పుడు ఒక సైనికుడి ఒంటి మీద తమరు కనబడ్డారు. అధ్యక్షుడు ఉరిబే క్షమాపణ చెప్పుకోవలసి వచ్చింది. మా బావమరిది ఎవరికీ చెప్పుకోనవసరం లేదు.

అనుమతి లేకుండా తమరిని వాడుకుంటే 500 రూపాయల వరకు జరిమానా అని మన 1960 నాటి జెనీవా ఒప్పందాల చట్టంలో రాసి ఉంది. ప్రొద్దుటూరు వెళ్లే బస్సులో డ్రైవరు వెనక ఒక రేకు పెట్టె, దాని మీద కూడా తమరే. కిటికీ రేకు కోసుకుని నా వేలు తెగితే ఆశగా తెరిచాను. లోపల ఒక దువ్వెన, సగం అగరుబత్తుల కట్ట, రాయిలా గట్టిపడిన దూది ఉండ. కండక్టరు దయతలిచి, టికెట్టు చుట్టుకోమన్నాడు.

నిన్న సాయంత్రం నేనూ స్టిక్కర్ల దుకాణానికి వెళ్లాను. కుర్రవాడు పుస్తకం తెరిచి, "డాక్టరుకా, లాయరుకా, ప్రెస్సుకా సార్?" అని అడిగాడు. బాంబులకు ఆగేది కావాలన్నాను. తల గోక్కుని, "వానకు ఆగేది ఉంది సార్, పది రూపాయలు ఎక్కువవుతుంది" అన్నాడు.

వానకు ఆగేదే తీసుకున్నాను.

ఇట్లు,
తమరి కొత్త ఆశ్రితుడు