నిమ్మతోటలో బొద్దింకల నిపుణుడు

పొదలకూరు దగ్గరి మా రెండెకరాల నిమ్మతోటలో, ఈశాన్య రుతుపవనాల వానలు వెలిసేసరికి గడ్డి పాదులను దాటి మోకాలెత్తు లేచింది. తెలివైన రైతైతే ఆ పూటే దుకాణానికి వెళ్లి గడ్డి మందు తెచ్చుకునేవాడు. నాకు చట్టమంటే భయమూ భక్తీ రెండూ ఉన్నందున ముందుగా ఆదేశాలను తిరగేశాను. గ్లైఫోసేట్ అనే గడ్డి మందు వల్ల మనుషులకూ పశువులకూ ముప్పు ఉందనీ, పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్ల ద్వారా, అంటే లైసెన్సు పొందిన పురుగు నివారణ నిపుణుల ద్వారా తప్ప మరెవరూ దానిని వాడరాదనీ కేంద్ర వ్యవసాయ శాఖ 2022 అక్టోబరులో ప్రకటించింది. ఆ హెచ్చరికను డబ్బాల మీద కొట్టొచ్చినట్లు ముద్రించాలని కంపెనీలకు కూడా చెప్పింది. అసలు ఆ మందుకు మన దేశంలో అనుమతి ఉన్నది తేయాకు తోటలకూ, పంట లేని జాగాలకూ మాత్రమే. నెల్లూరు జిల్లాలో తేయాకు కాచి అమ్మే బంకులు తప్ప పండించే తోటలు లేవు. ఈ చిన్న చిక్కును ఆపరేటరు గారే వచ్చి తేలుస్తారని పక్కన పెట్టాను.

ఆపరేటరు అంటే అల్లాటప్పా మనిషి కాడు. 1971 నాటి క్రిమిసంహారకాల నియమాల ప్రకారం ఆయన వ్యవసాయంలో గానీ, రసాయన శాస్త్రం ఒక పాఠ్యాంశంగా ఉన్న సైన్సులో గానీ పట్టభద్రుడై ఉండాలి. ఆపైన మైసూరు, హాపూర్, హైదరాబాదు నగరాల్లోని కేంద్ర సంస్థల్లో ఏదో ఒకచోట కనీసం 15 రోజుల శిక్షణ పొంది ఉండాలి. ఇంతటి విద్వాంసుడి కోసం పొదలకూరంతా గాలించాను. చివరకు నెల్లూరులో అపార్టుమెంట్లకు బొద్దింకల జెల్లు పెట్టేవారు ఉన్నారని తెలిసింది.

వారిలో ఒకరు మా తోటకు వస్తే ఎలా ఉంటుందో ఆనాటి నుంచి ఊహించుకుంటూనే ఉన్నాను. ఆయన గట్టు మీద బండి ఆపి, డబుల్ బెడ్‌రూమా, ట్రిపుల్ బెడ్‌రూమా అని అడుగుతారు. రెండెకరాలు, రెండు వందల చెట్లు అని నేను వినయంగా మనవి చేస్తాను. ఆయన కాసేపు ఆలోచించి, ముందు వంటగది సింకు చూపించమంటారు. నేను బోరు దగ్గరి తొట్టిని చూపిస్తాను. మందు కొట్టాక ఇంటిల్లిపాదీ నాలుగు గంటలు బయట ఉండాలని ఆయన సెలవిస్తారు. ఇంటిల్లిపాదీ ఇప్పటికే బయట, అంటే ఈ తోటలోనే ఉన్నారనీ, గేదె కూడా ఇక్కడే ఉందనీ నేను చెబుతాను. గేదెకు వేరే ప్యాకేజీ ఉంటుందంటారు ఆయన. పోతూ పోతూ, ఏడాదికి మూడు సర్వీసుల ఒప్పందం మీద సంతకం చేస్తే, మధ్యలో గడ్డి మళ్లీ మొలిచినా ఉచితంగా వచ్చి చూసి పోతామని అభయమిస్తారు. చూడడానికైతే ఆయన దాకా ఎందుకు? నేను రోజూ చూస్తూనే ఉన్నాను.

చట్టం ఇలా ఉండగా, మా పక్క ఊరిలో రైతులకు మందుల వాడకంపై శిక్షణ జరిగింది. కళ్లద్దాలు, చేతి తొడుగులు, మాస్కు, ఏప్రాను, బూట్లు ఉన్న కిట్టు ఒకటి వచ్చింది. నలభై మంది రైతులకు ఒకటే కిట్టు. దానిని ఒక కుర్రవాడికి తొడిగి, నలభై మందినీ అతని చుట్టూ నిలబెట్టి ఫొటో తీశారు. ఫ్యాను కింద నిలబడి కూడా ఆ కుర్రవాడు నాలుగు నిమిషాల్లో చెమటతో తడిసిపోవడంతో, ఒలిచినట్లుగా దానిని విప్పి, మడిచి సంచిలో పెట్టారు. సీసా మీది వజ్రాకారపు గుర్తులో ఎరుపు అన్నిటికంటే ప్రమాదమనీ, ఆ తరువాత పసుపు, నీలం, ఆకుపచ్చ వరుసగా వస్తాయనీ బోధించారు. ఆ గుర్తు లేబులులో కనీసం పదహారో వంతు ఉండాలని నియమం. అందరికీ సర్టిఫికెట్లు ఇచ్చారు. వచ్చినవారందరూ పట్టాదారు పాసుపుస్తకాలు ఉన్నవారే. మందు కొట్టే కూలీలు ఎందుకు రాలేదని అడిగాను. ఆ పూట వారు మందు కొట్టడానికి పోయారని చెప్పారు.

ఇక్కడితో నా హాస్యం అయిపోయింది. పదహారు లీటర్ల పంపు వీపున మోసేవాడి పేరు ఏ హాజరు పట్టీలోనూ లేదు. మూత దగ్గర కారిన మందు చొక్కాను తడిపి వీపును మండిస్తుంటే, అదే చొక్కాతో సాయంత్రం దాకా నడిచేవాడు అతను. గ్లైఫోసేట్ విషయంలో అంత పట్టుదల చూపిన పెద్దలు, విరుగుడే లేని పారాక్వాట్ అనే మరో గడ్డి మందును మా వైపు ఏ దుకాణంలోనైనా అడిగినవాడి చేతిలో పెట్టనిస్తున్నారు. సగం వాడగా మిగిలిన ఆ మందు కూల్‌డ్రింకు సీసాలోకి మారి, పిల్లలు తిరిగే ఇంట్లో చూరు కిందికి చేరుతుంది. ఆ సీసా మీద వజ్రమూ లేదు, పదహారో వంతూ లేదు. పొరపాటున ఒక బిడ్డ ఆ మూత తిప్పితే పెద్దాసుపత్రి డాక్టరు చేయగలిగేది ఎంత తక్కువో ఈ నియమాలు రాసినవారికి తెలియదా? తెలిసీ రాశారంటే, ఎవరి కోసం రాశారు? పట్టపగలు వీపు మీద పంపుతో గట్టు వెంట పోతున్న మనిషి ఢిల్లీకి కనిపించకపోవచ్చు. మండల కేంద్రంలో కూర్చున్నవారికి కూడా కనిపించకపోతే, ఆ కళ్లద్దాలు ముందు వారికే తొడగాలి.

చివరకు మా తోటలో గడ్డిని కొడవళ్లతో కోయించాను. కోతకు వచ్చినవారిలో ఒకాయన ముందురోజు వేరొకరి చేలో మందు కొట్టి వచ్చారు. పంపు కొసన మందు చిమ్మే నాజిలు మూసుకుపోతే ఏం చేస్తారని అడిగాను. నోటితో ఊదుతామన్నారు, అదేం ప్రశ్న అన్నట్లుగా. శిక్షణ ఫొటోను సెల్‌ఫోనులో చూపించాను. ఆయన దానిని వేళ్లతో పెద్దది చేసి చాలాసేపు చూశారు.

"ఆ కళ్లద్దాలు యాడ దొరకతాయి సామీ?" అని అడిగారు.

కనుక్కుని చెబుతానన్నాను. కిట్టు ఆపాటికే ఇంకో ఊరికి ఫొటోకు వెళ్లిపోయింది.